గుండ్లపోచంపల్లి అని చదవడానికి ఎన్నేళ్ళు పట్టాలి?

(హైదరాబాద్ సుచిత్రలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. టీచరమ్మ అనే అనేవారు, నేనూ అలాగే అంటాను. జీడిమెట్ల, కుత్బుల్లాపూర్ వైపు సర్కారు బడుల్లో సర్వీసంతా ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలతోనే గడిపారు. పై తరగతులు తీసుకోమంటే ఒప్పుకునేవారు కాదట. కమిటీవారు నాకిచ్చిన అంశం చిన్నపిల్లలకు ఇంటి దగ్గరే, తాపీగా సాగే చదువు. సర్కారు టీచరు పేరు మీద బడి మానిపించే ఉపన్యాసం ఏమిటండీ అని ఒకరిద్దరు ఫోన్ చేసి మరీ అడిగారు. వాళ్ళూ ఇక్కడే కూర్చున్నారు కాబట్టి ముందే చెప్పేస్తాను: బడితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తొందరతో. ఆ తొందర బడిలోనూ ఉంటుంది, ఇంట్లోనూ ఉంటుంది. కొన్నిసార్లు ఇంట్లోనే ఎక్కువ ఉంటుంది.

సుచిత్ర చౌరస్తాలో సంక్రాంతి ముందు నిలబడి చూడండి. కొంపల్లి వైపు, మేడ్చల్ వైపు, జీడిమెట్ల వైపు ఎటు చూసినా ఫ్లెక్సీలే, అన్నిటి మీదా అడ్మిషన్స్ ఓపెన్ అన్న మాటే. ప్లే స్కూల్, నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ. రెండున్నరేళ్ళ పిల్లకు సీటు కోసం తల్లిదండ్రులు ఇంటర్వ్యూకు తయారవుతారు. ఆరో తరగతి నుంచి ఐఐటీ ఫౌండేషన్ ఉందా లేదా అని నర్సరీలో చేర్చేటప్పుడే అడిగి పెట్టుకుంటారు. వాళ్ళను తప్పుపట్టను. భయం వాళ్ళు కనిపెట్టింది కాదు, ఈ ఊరి గాలిలోనే ఉంది. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటుంది, మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా అంతా ఒకే దశగా చూడమంటుంది. 2017లో మన తెలంగాణ ప్రభుత్వం ఒకటి, రెండు తరగతుల సంచి బరువు కిలోన్నర దాటకూడదని ఉత్తర్వు ఇచ్చింది, ప్రాథమిక తరగతులకు హోంవర్కు వద్దని కూడా చెప్పింది. రేపు పొద్దున మీ అపార్ట్‌మెంటు గేటు దగ్గర పసుపుపచ్చ బస్సు ఆగినప్పుడు ఒక సంచి ఎత్తి చూడండి.

ఇక తొందర సంగతి. దీన్ని నేను అక్షరాల దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మన ఇళ్ళల్లో తగువు అక్కడే మొదలవుతుంది.

ఎల్‌కేజీలో చేరిన పిల్ల దసరా సెలవులకల్లా ఎ నుంచి జెడ్ దాకా రాసేస్తుంది. ఇరవై ఆరే కదా. ఇంట్లో అందరూ మురిసిపోతారు. అదే పిల్లకు తెలుగు రాకపోతే, ‘తెలుగులో వీక్’ అని ప్రోగ్రెస్ కార్డు మీద పడుతుంది. ఇక్కడ ఎవరూ ఆగి లెక్క చూసుకోరు. మన హల్లులు ముప్పై పైచిలుకు, ఒక్కో హల్లుకు గుణింతం ఉంది. ఆ లెక్కన పిల్ల కన్ను గుర్తుపట్టాల్సిన రూపాలు ఐదు వందలు దాటతాయి. వత్తులు ఇంకా మొదలే కాలేదు.

మేడ్చల్ రైలు మార్గంలో గుండ్లపోచంపల్లి స్టేషన్ ఉంది. ఆ బోర్డు తెలుగులో చదవడానికి ఆరేళ్ళ పిల్లకు ఏమేం తెలియాలో చూడండి. గుం, డ్ల, పో, చం, ప, ల్లి. ఉన్నవి ఆరే అక్షరాలు. మొదటిదానికి కొమ్ము, పక్కన సున్న. రెండోదానికి డకారం కింద లవత్తు, అది లకారంలా ఉండదు. మూడోదానికి ఓత్వం. నాలుగోదానికి మళ్ళీ సున్న, కానీ ఈ సున్న పలికే తీరు వేరు, వెనక పకారం ఉంది కాబట్టి పెదవులు మూసుకోవాలి. గుం దగ్గర నాలుక పైకి వెళ్ళింది, చం దగ్గర పెదవులు కలిశాయి, రాతలో మాత్రం రెండూ ఒకే గుండ్రటి సున్న. చివరిదానికి గుడి, కింద లవత్తు. ఇదంతా పిల్ల ఏడుపు లేకుండా చేయగలుగుతోందంటే దాని వెనక రెండు మూడేళ్ళ పని ఉందన్నమాట. అదే మార్గంలో మేడ్చల్ బోర్డు ఉంటుంది. అందులో డకారం కింద చవత్తు, చివర పొల్లు. ఇంకో ఆర్నెల్లు పట్టినా నేను ఆశ్చర్యపోను.

ఇది నా ఊహ కాదు. మన లిపికి అక్కచెల్లెలు లాంటిది కన్నడ లిపి. కన్నడ పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటున్నారో సోనాలి నాగ్ అనే పరిశోధకురాలు పరిశీలించి 2007లో ఒక పత్రం ప్రచురించారు. ఇంగ్లిషు పిల్లలు అక్షరమాలను ముగించినంత త్వరగా కన్నడ పిల్లలు ముగించలేరనీ, అక్షర పరిచయం నాలుగో తరగతి దాకా పెరుగుతూనే ఉంటుందనీ ఆమె తేల్చారు. లిపి స్వభావమే అంత. అలాంటప్పుడు రెండో తరగతి పిల్ల వత్తుల దగ్గర తడబడితే దానికి వెనకబాటు అనే ముద్ర ఎందుకు? టీచరమ్మ వత్తులు రెండో తరగతి సంక్రాంతి సెలవుల తర్వాతే ముట్టుకునేవారని ఆమె దగ్గర చదివినవాళ్ళు చెప్పారు. అప్పటిదాకా ఏం చేసేవారు అని అడిగాను. కథలు చెప్పేవారట. కథలో ‘ముక్కు’, ‘బొమ్మ’, ‘అమ్మమ్మ’ లాంటి మాటలు వచ్చిన ప్రతిసారీ పిల్లలు చప్పట్లు కొట్టాలి. వత్తు చెవికి ముందు తెలిశాక కంటికి పరిచయమైందన్నమాట. ఇంట్లో చదువు చెప్పే తల్లులకు నేను ఇవ్వగల సలహాల్లో ఇంతకంటే పనికొచ్చేది లేదు.

ఆలస్యంగా మొదలుపెడితే శాశ్వతంగా వెనకబడిపోతారా? మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత తీస్తారు. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం నుంచి సెబాస్టియన్ సగేట్, ఆయన సహచరులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదేళ్ళకే చదవడం మొదలుపెట్టిన పిల్లలను, ఏడేళ్ళ దాకా చదువు జోలికి పోని స్టైనర్ బడుల పిల్లలను పక్కపక్కన పెట్టి చూశారు. పదకొండేళ్ళు వచ్చేసరికి చదవడంలో ఆ తేడా మాసిపోయింది, చదివింది అర్థం చేసుకోవడంలో ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళే కాస్త ముందున్నారు కూడా. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి ఏడో ఏటనే. కానీ ఒక మాట. ఆ పిల్లల ఇళ్ళల్లో పుస్తకాలున్నాయి, చదివి వినిపించే పెద్దలున్నారు. అది లేని ఇంట్లో ఏడేళ్ళ దాకా ఊరుకుంటే దాన్ని తాపీ అనకూడదు, పట్టించుకోకపోవడం అనాలి. ఈ తేడా మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంటి చదువు మనకు కొత్తదని, అమెరికా నుంచి వచ్చిందని అనుకుంటాం. జాన్ హోల్ట్ 1977లో ఆ ఉద్యమానికి ఒక పత్రిక పెట్టిన మాట నిజమే. అయితే అంతకు నూట యాభై ఏళ్ళ ముందే మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మన రాయలసీమ జిల్లాలకు మొదట్లో కలెక్టరుగా చేసిన మన్రో దొరే, చదువుల లెక్కలు పంపమని జిల్లా జిల్లాకూ ఉత్తర్వు వేశాడు. లెక్కలన్నీ చేతికొచ్చాక 1826 మార్చిలో ఆయన రాసిన నివేదికలో మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులు తేలాయి. మద్రాసు పట్నం సంగతి మరీ విచిత్రం. బడులకు పోయేవాళ్ళు ఐదున్నర వేలైతే, ఇంటి దగ్గర నేర్చుకునేవాళ్ళు దాదాపు ఇరవై ఏడు వేలు. అంటే పట్నంలో హోమ్‌స్కూలింగే రివాజు, బడే మినహాయింపు.

అదే సర్వేలో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదిక చదవడానికి భలేగా ఉంటుంది. ఆయనకు తెలుగు వచ్చు, తెలుగు వ్యాకరణం కూడా రాశాడు. పిల్లలు పొద్దున ఆరింటికి బడికి చేరేవాళ్ళట. అందరికంటే ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరసగా పెరుగుతాయి. ఇసుకలో వేలితో రాయించడం, ముందు నేర్చుకున్నవాడు వెనకవాడికి చెప్పడం, తరగతులను వచ్చినదాన్ని బట్టి కట్టడం గురించి రాశాడు. రాయించడంలోని పొదుపునూ, పిల్లలే పిల్లలకు చెప్పుకునే పద్ధతినీ ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. సోమరి పిల్లలను రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం కూడా రాశాడు. మన తాతలు చెప్పే కోదండం అదే. మన పాత వీధిబడిని ఎవరైనా మరీ బంగారం చేసి చెబితే నాకు ఈ తాడు గుర్తొస్తుంది.

ఇంకో సంగతీ చెప్పాలి. ఆ ఇరవై ఏడు వేలమందిలో ఆడపిల్లలు ఐదొందల చిల్లరే. ఇంటికి గురువును పిలిపించుకోవడం అన్ని ఇళ్ళకూ సాధ్యమయ్యేది కాదు. ఆ గోడల్లోనే దొంగచాటుగా నేర్చుకున్నవాళ్ళూ ఉన్నారు. బండారు అచ్చమాంబ 1874లో పుట్టారు, బడి మొహం చూడలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే తానూ నేర్చుకుని, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి, మనకు తొలి కథలు ఇచ్చిన రచయిత్రుల్లో ఒకరయ్యారు. ఆమెకు ఇంటి చదువు ఎంపిక కాదు. వేరే తలుపు లేదు.

మన తెలుగునేల మీద పుట్టి, బడి మానిపించగా ఇంట్లో చదివినవాళ్ళలో ప్రపంచమంతా ఎరిగిన మనిషి ఒకరున్నారు. జిడ్డు కృష్ణమూర్తి. 1895లో మదనపల్లెలో పుట్టారు. బడిలో మందమతి అనిపించుకున్న పిల్లాడు. మేష్టారు ఏదో అడిగితే నోరు తెరిచి కిటికీలోంచి చూస్తుండేవాడట, దెబ్బలు తప్పేవి కావు. 1909లో అడయారులో దివ్యజ్ఞాన సమాజంవారి కళ్ళలో పడ్డాక, బడిలో కొడుతున్నారని తెలిసి ఆ బడి మానిపించారు. ఇంటి దగ్గరే చదువు చెప్పించారు. కానీ అది తాపీ చదువు అనుకునేరు. పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా పట్టిక ప్రకారం నడిచింది. బడి తప్పింది, తొందర తప్పలేదు. తర్వాత ఇంగ్లండులో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలు మళ్ళీ మళ్ళీ రాసి మళ్ళీ మళ్ళీ తప్పారు.

ఆయన పేరు మీద నడిచే రిషి వ్యాలీ, మదనపల్లెకు దగ్గరలో, పట్నపు పిల్లలు చదివే ఖరీదైన రెసిడెన్షియల్ స్కూల్ అనే మనకు తెలుసు. దాని చుట్టుపక్కల పల్లెల కోసం అదే సంస్థ నడిపిన చిన్న బడుల గురించి తెలిసినవాళ్ళు తక్కువ. పద్మనాభరావు, రమ అనే దంపతులు అక్కడ కట్టిన పద్ధతి చూస్తే నా ఉపన్యాసం సగం అక్కడే అయిపోయినట్టు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ, ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఆ గుర్తున్న కార్డుల పెట్టె. పిల్ల వచ్చి తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుని కార్డు తీసుకుని కూర్చుంటుంది. కొన్ని కార్డులు టీచరుతో, కొన్ని తోటివాళ్ళతో, కొన్ని ఒంటరిగా. పక్కపిల్ల ఎక్కడుందో దాని గొడవ దానిది.

ఈ నిచ్చెనలో నాకు అన్నిటికంటే నచ్చింది వేరుశనగ. ఆ నేలలో వేరుశనగ పీకే రోజుల్లో పిల్లలు బడికి రారు. మామూలు బడిలో అయితే ఆ పదిహేను రోజుల్లో పాఠం ముందుకు పోతుంది. తిరిగొచ్చిన పిల్లకు బోర్డు మీద ఉన్నది అర్థం కాదు. నాలుగు రోజులు దిక్కులు చూస్తుంది. ఐదో రోజు నుంచి రాదు. నిచ్చెన బడిలో మాత్రం తాను వదిలేసిన మెట్టు తన కోసం అక్కడే ఉంటుంది. చెన్నై కార్పొరేషన్ 2003లో ఈ పద్ధతిని తన బడుల్లోకి తీసుకుంది, కొన్నేళ్ళలో తమిళనాడు సర్కారు ప్రాథమిక పాఠశాలలన్నిటికీ అది పాకింది. మన నేల మీద పుట్టిన వస్తువును పక్క రాష్ట్రం ముందు పట్టుకెళ్ళింది.

ఇప్పుడు ఇబ్బందికరమైన దగ్గరికి వస్తాను. నన్ను ఫోన్లో నిలదీసినవాళ్ళ ప్రశ్న నిజంగా గట్టి ప్రశ్న. మేడ్చల్ 2016 అక్టోబరులో జిల్లా అయింది. అంతకుముందు ఇదంతా రంగారెడ్డి జిల్లా. ఆ రంగారెడ్డి జిల్లాలోనే ఎం. వి. ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా 1990ల మొదట్నుంచీ ఊరూరా తిరిగి ఒకే మాట చెప్పారు: బడిలో లేని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, మధ్యేమార్గం లేదు. పశువుల దగ్గర ఉన్నా, విత్తనపు పత్తి చేలో ఉన్నా, ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకుని ఉన్నా అంతే. తల్లిదండ్రులు ‘మాకు గతి లేదు’ అంటే నమ్మొద్దు, అడిగి చూడండి, పంపుతారు అన్నారు. పంపారు కూడా. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఇప్పుడు అదే నేల మీద, కొంపల్లిలో పదో అంతస్తు ఫ్లాటులో కూర్చుని, మా పాపను బడికి పంపం, ఇంట్లోనే తాపీగా నేర్చుకుంటుంది అంటే, ఆ మాట జీడిమెట్ల పారిశ్రామికవాడ వెనక బస్తీలో ఎలా వినపడుతుంది? ఇటుక బట్టీల దగ్గర ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఎలా వినపడుతుంది?

దీనికి నా దగ్గర నున్నటి జవాబు లేదు. శాంతా సిన్హా నినాదం అప్పుడూ సరైనదే, ఇప్పుడూ సరైనదే. పిల్ల చేతిలో పని పెట్టి దాన్ని ఇంటి చదువు అనే దగా ఎప్పుడూ పొంచే ఉంటుంది. నేను ఇందాక ‘పట్టించుకోకపోవడం’ అన్నది దాని చిన్న చెల్లెలు. అయితే ఎం. వి. ఫౌండేషన్ పనిలో ఒక ముఖ్యమైన భాగం బ్రిడ్జి క్యాంపు. పదేళ్ళకు, పన్నెండేళ్ళకు తొలిసారి పలక పట్టుకున్న పిల్లలు ఆ క్యాంపుల్లో చదివి తమ వయసు తరగతికి చేరుకునేవారు. నాకు ఇందులో కనిపించేది ఒకటే: ఆలస్యం పిల్లను పాడుచేయదు, వదిలేయడం పాడుచేస్తుంది. ఈ రెంటినీ కలగలిపి బెదిరించేది ఎల్‌కేజీ సీటు అమ్ముకునేవాళ్ళే.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు. ఆరేళ్ళలోపు పిల్లను ఇంట్లో ఉంచుకున్నందుకు మిమ్మల్ని అడిగే అధికారి లేడు. ఆ తర్వాత పిల్లను బడిలో చేర్చడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్ అంటుంది, శిక్ష మాత్రం రాయలేదు. ఇంటి చదువును గుర్తించే సెక్షన్ విడిగా లేదు. శామీర్‌పేటలో నల్సార్ ఉంది, అక్కడి పిల్లలను అడిగితే దీని మీద రెండు వైపులా గంటసేపు వాదించగలరు. నాకు పనికొచ్చేది నాలుగో సెక్షన్. బడిలో ఎన్నడూ చేరని పిల్లను, ఎప్పుడొచ్చినా సరే, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, మిగతావాళ్ళతో సమానమయ్యేలా విడిగా చెప్పాలి. బ్రిడ్జి క్యాంపుల అనుభవం లేకుండా ఆ సెక్షన్ ఊహకు కూడా అందదు. ఇటుక బట్టీ పిల్ల కోసం తెరిచిన ఆ తలుపులోంచే ఫ్లాటులో పెరిగిన పిల్లా బడిలోకి రావచ్చు. పెద్దయ్యాక పది రాయాలంటే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. పద్నాలుగేళ్ళు నిండాలి, అంతే.

ఇక ఇంట్లోకి వెళ్దాం. మన హైదరాబాద్‌లో హోమ్‌స్కూలింగ్ అనగానే అందరికీ నైనా జైస్వాల్ గుర్తొస్తారు. ఇంట్లోనే చదివి ఎనిమిదేళ్ళకు పదో తరగతి, పదమూడేళ్ళకు డిగ్రీ, మరో పక్క టేబుల్ టెన్నిస్. ఆ కుటుంబం శ్రమను గౌరవిస్తాను. కానీ ఆ వార్త చదివిన రోజు నుంచి ఇంటి చదువు అంటే షార్ట్‌కట్ అనే అర్థం మన ఇళ్ళల్లో స్థిరపడిపోయింది. బడిలో పదేళ్ళు పట్టేది ఇంట్లో నాలుగేళ్ళలో ముగించవచ్చట అని. ఒక తండ్రి తన ఐదేళ్ళ కొడుక్కి టైంటేబుల్ వేసి ఫ్రిజ్ తలుపుకు అంటించాడు. తొమ్మిది నుంచి తొమ్మిదీ నలభై ఫోనిక్స్, తర్వాత అబాకస్, తర్వాత వేదిక్ మ్యాథ్స్. బడిలో అయితే కనీసం పక్కవాడితో గుసగుసలాడుకోవచ్చు, బెల్లు కొడితే పరిగెత్తవచ్చు. ఇక్కడ టీచరు నాన్నే, బెల్లు లేదు, సాయంత్రం ఫిర్యాదు చెప్పుకోవడానికి ఇల్లు లేదు, ఎందుకంటే ఇల్లే బడి అయిపోయింది. చలం ‘బిడ్డల శిక్షణ’లో తల్లిదండ్రుల పెత్తనం మీద విరుచుకుపడ్డాడు. ఆయన స్వయంగా స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, ఏ వైపు పెత్తనం ఎలా ఉంటుందో చూసినవాడు. 2020లో బడులు మూతపడ్డప్పుడు మనందరి ఇళ్ళూ ఏడాదిన్నర పాటు ఇలాంటి బడులే అయ్యాయి. అది ఇంటి చదువు కాదు. బడి ఫోన్లో దూరి ఇంట్లోకి వచ్చింది, అంతే.

తాపీగా చెప్పే ఇల్లు ఎలా ఉంటుందో ఒక ఇంటి సంగతి చెబుతాను. కొంపల్లిలోనే. పిల్లకు ఆరున్నర. కూర్చుని చదివేది రోజుకు అరగంట, అదీ అది కూర్చుంటానన్నప్పుడు. బతుకమ్మ రోజుల్లో ఆ ఇంటికి వెళ్ళాను. తాంబాళంలో గునుగు, తంగేడు, బంతి. కింది వరస పెద్దది, పైకి పోను పోను చిన్నదవ్వాలి. నానమ్మ కట్టలు కట్టి ఇస్తోంది, పిల్ల లెక్కపెట్టి పేరుస్తోంది. కింద ఇరవై నాలుగు కట్టలు పట్టాయి. తర్వాత వరసకు రెండు తగ్గించమంది నానమ్మ. మూడో వరసకు వచ్చేసరికి పిల్ల ఆగి, ‘ఇట్లనే పోతే పైన ఎన్ని మిగుల్తయ్?’ అని అడిగింది. నానమ్మకు తెలీదు. తల్లికి తెలుసు గానీ చెప్పలేదు. పిల్ల నేల మీద గునుగు కాడలు పరిచి వరసలు వేసుకుంటూ కూర్చుంది. గంట దాటింది. అన్నానికి పిలిస్తే రాలేదు. తల్లి నోరు మూసుకుని కూర్చున్న ఆ గంట ఎంత కష్టమైన పనో, బోధన చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ తల్లి ఉద్యోగం మానేసింది. తాపీ అంతా పిల్లకే, ఆమెకు లేదు. ఆర్నెల్లుగా ఒంటరిగా బయటికి వెళ్ళలేదని చెప్పింది. లిఫ్టులో ఎవరో ఒకరు ‘ఏ స్కూలమ్మా?’ అని పిల్లనడుగుతారు, పిల్ల తల్లి మొహం చూస్తుంది. ఆడబిడ్డ ఫోన్ చేసినప్పుడల్లా ‘ఇంకా చేర్చలేదా వదినా?’ అంటుంది. భర్త మంచివాడే, సాయంత్రం వచ్చి ‘ఇవాళ ఏం నేర్చుకుంది?’ అంటాడు, ఆ ప్రశ్నకు ఆమెకు ఏడుపొస్తుంది. మన ఇళ్ళల్లో హోమ్‌స్కూలింగ్ అని గొప్పగా చెప్పుకునేదంతా దాదాపుగా ఒక ఆడమనిషి జీతం లేని ఉద్యోగం. దీని గురించి మాట్లాడని హోమ్‌స్కూలింగ్ పుస్తకాన్ని నేను సగంలో పక్కన పెట్టేస్తాను. ఆ ఇంట్లో ఇప్పుడు ఒక ఏర్పాటు నడుస్తోంది. అదే గేటెడ్ కమ్యూనిటీలో మరో రెండు ఇళ్ళతో కలిసి వంతులు వేసుకున్నారు. వంతు లేని రోజు తల్లి బయటికి పోతుంది. ఇద్దరు తండ్రులు శనివారాలు తీసుకున్నారు. మూడోవాడు ఇంకా తీసుకోలేదు.

చివరికి, నిధి విషయం. టీచరమ్మ పిల్లలు బ్యాంకులో వేసిన డబ్బు మీద ఏటా వచ్చే వడ్డీతో ఈ ఉపన్యాసంతో పాటు ఏం చేస్తే బాగుంటుందో చెప్పమని కమిటీ అడిగింది. నా సూచన ఇది. ఒక గది తీసుకోండి, మెయిన్ రోడ్డు మీద వద్దు, బస్తీ పిల్లలు, అపార్ట్‌మెంటు పిల్లలు ఇద్దరూ నడిచి రాగలిగే చోట. హైదరాబాద్‌లోనే మంచి పుస్తకం వాళ్ళు పిల్లల కోసం వేసే బొమ్మల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. ‘రైలుబడి’, గిజుభాయి ‘పగటికల’ లాంటి పుస్తకాలు పెద్దల అలమారాలో పెట్టండి, తల్లులు కూడా వస్తారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా తెరవండి. పాఠాలు పెట్టవద్దు. ట్యూషన్ అని ఎవరైనా బోర్డు కడితే తీసేయండి. పుస్తకాలు చిరుగుతాయి, చిరగనివ్వండి, చిరిగినవాటికి ఏటా కొంత రాసిపెట్టుకోండి.

కమిటీలో ఒకరు రిజిస్టరు నమూనా కూడా తయారుచేసి నాకు చూపించారు. వరస సంఖ్య, పేరు, తరగతి, స్కూలు, పుస్తకం, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. చాలా శ్రద్ధగా గీశారు. అందులో తరగతి, స్కూలు అనే రెండు గడులు కొట్టేయమని నా విన్నపం. ఆయన ఇంకా ఒప్పుకోలేదు. ఆడిట్‌లో అడుగుతారంటున్నారు. భోజనాల దగ్గర మళ్ళీ మాట్లాడతాను.